డూప్ లేని హంటర్‌వాలీ

1935లో బొంబాయి గ్రాంట్ రోడ్డులోని సూపర్ సినిమా థియేటర్‌కు వచ్చిన ప్రేక్షకులకు అంతవరకు తెరపై ఎన్నడూ చూడని కథానాయిక ఒకరు ఎదురయ్యారు. ముఖానికి ముసుగు, కాళ్లకు ఎత్తయిన బూట్లు, చేతిలో కొరడా. గుర్రంపై దూసుకువచ్చి, దుర్మార్గులను చెండాడి, ‘హే...య్’ అంటూ ఆమె పెట్టిన కేకకు నేలతరగతి దద్దరిల్లింది. ఆ చిత్రం పేరు ‘హంటర్‌వాలీ’. హిందీలో ‘హంటర్’ అంటే కొరడా. ఆ కొరడా పట్టిన నటి నాదియా.

గుర్రంపై కూర్చున్నదీ, మేడపై నుంచి దూకినదీ, పోస్టరుపై అచ్చయిన ముఖమూ ఒక్కరివే కావడం ఆ చిత్రానికి ఉన్న ప్రత్యేకత. దెబ్బ తగిలితే తగిలేది ఆమెకే. చప్పట్లు మోగితే అవి దక్కేదీ ఆమెకే. తర్వాతి దశాబ్దాల్లో భారతీయ చలనచిత్ర పరిశ్రమ ఈ రెంటినీ వేరుచేసింది. ప్రాణాలకు తెగించేవారు ఒకరు, పేరు తెచ్చుకునేవారు మరొకరు అయ్యారు. ‘డూప్’ అన్న రెండక్షరాల మాట వెనుక ఎందరి జీవితాలు మరుగునపడ్డాయో తెలుసుకోవాలంటే, డూప్ అవసరం లేకుండా నిలిచిన నాదియా జీవితాన్ని ఒకసారి తిరగవేయడం అవసరం.

పెర్త్ నుంచి పెషావర్ దాకా

నాదియా అసలు పేరు మేరీ ఆన్ ఇవాన్స్. 1908 జనవరి 8న ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో జన్మించారు. తండ్రి హెర్బర్ట్ ఇవాన్స్ స్కాట్లండ్ దేశీయుడు, బ్రిటిష్ సైన్యంలో పనిచేసేవారు. తల్లి మార్గరెట్ గ్రీకు సంతతికి చెందినవారు. తండ్రి ఉద్యోగరీత్యా 1913లో, ఐదేళ్ల వయసులో, మేరీ బొంబాయికి చేరింది. మరి రెండేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధం ఆ కుటుంబానికి పెద్దదిక్కును లేకుండా చేసింది. 1915లో జర్మన్లతో జరిగిన పోరులో తండ్రి మరణించారు.

తర్వాత ఆ కుటుంబం వాయవ్య సరిహద్దు రాష్ట్రంలోని పెషావర్ ప్రాంతానికి తరలివెళ్లింది. నేడు పాకిస్థాన్‌లో ఉన్న ఆ కొండసీమలోనే మేరీ గుర్రపుస్వారీ, వేట, చేపలు పట్టడం, తుపాకీ కాల్చడం నేర్చుకుంది. సినిమాల్లో చేరాలన్న ఊహ కూడా లేని రోజుల్లో అబ్బిన ఈ విద్యలే తదుపరి కాలంలో ఆమెకు జీవనాధారమయ్యాయి.

1928లో ఆమె బొంబాయికి తిరిగివచ్చారు. కొంతకాలం ఒక పెద్ద దుకాణంలో అమ్మకాలు చూశారు. టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నారు. బరువు తగ్గించుకోవడం కోసం ఆస్ట్రోవా అనే నృత్య శిక్షకురాలి వద్ద బాలే నాట్యంలో చేరి, ఆ బృందంతో దేశంలోని అనేక పట్టణాలు తిరిగారు. 1930 ప్రాంతంలో జార్కో సర్కస్‌లో పనిచేశారు. ఆర్మీనియా దేశస్థురాలైన ఒక జ్యోతిష్కురాలి సలహాపై తన పేరును నాదియాగా మార్చుకున్నారు. రంగస్థలంపై ఆటపాటలతో పొట్టపోసుకుంటున్న దశలో లాహోర్‌లోని రీగల్ థియేటర్ మేనేజర్ ఎరుచ్ కాంగా ఆమె ప్రతిభను గుర్తించి బొంబాయిలోని వాడియా మూవీటోన్ అధినేతకు పరిచయం చేశారు.

ఓడల వంశం, సినిమా వ్యాపారం

వాడియాలది బొంబాయిలో పేరెన్నికగన్న పార్శీ కుటుంబం. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి ఓడల నిర్మాణానికి ప్రసిద్ధి చెందిన వంశం. ఆ వంశంలో పుట్టిన జంషెడ్ వాడియా ఎం.ఏ. చదివి, ఇంట్లోవారి ఆశలకు భిన్నంగా సినిమా బాట పట్టారు. తమ్ముడు హోమీ వాడియా కూడా కళాశాల చదువు విడిచి అన్నవెంట నడిచారు. 1933లో సోదరులిద్దరూ కొందరు భాగస్వాములతో కలిసి వాడియా మూవీటోన్‌ను స్థాపించారు. పూర్వీకుల వృత్తికి గుర్తుగా ఓడ బొమ్మను సంస్థ చిహ్నంగా పెట్టుకోవడం విశేషం. పరేల్ ప్రాంతంలోని పూర్వుల భవనం లౌజీ కాజిల్ ఆవరణే వారి స్టూడియో అయింది.

జంషెడ్‌కు హాలీవుడ్ మూకీ చిత్రాల సాహస కథలంటే ప్రాణం. డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ నటించిన ‘ది మార్క్ ఆఫ్ జోరో’, పెరల్ వైట్ నటించిన ధారావాహిక చిత్రాలు ఆయనను ఆకట్టుకున్నాయి. అటువంటి పాత్రను భారతీయ కథలో ఒక స్త్రీ చేత చేయించాలన్న ఆలోచనలో ఉన్న సమయంలోనే నాదియా ఆయన ఎదుటకు వచ్చారు. బంగారు వన్నె జుట్టు, నీలికళ్లు, ధృడమైన దేహం. హిందుస్తానీ ఉచ్చారణ అంతంతమాత్రం. ఆనాటి కథానాయికకు ఉండవలసిన లక్షణాలుగా పరిశ్రమ భావించిన వాటిలో ఒక్కటీ ఆమెలో లేదు.

నల్లటి విగ్గు పెట్టుకోవాలనీ, పేరును నందాదేవిగా మార్చుకోవాలనీ జంషెడ్ సూచించగా, ఆ రెండింటినీ ఆమె నిరాకరించినట్లు సినిమా చరిత్రకారులు చెబుతారు. ఈ మొండితనమే ఆయనకు నచ్చింది. ముందుగా ‘దేశ్ దీపక్’లో ఒక చిన్న పాత్ర, ‘నూర్-ఎ-యమన్’లో రాకుమారి పాత్ర ఇచ్చి ప్రేక్షకుల స్పందనను పరిశీలించారు. తెల్లదొరసాని వంటి ఈ కొత్త నటిని జనం అంగీకరించారని రూఢి అయ్యాకే ‘హంటర్‌వాలీ’ నిర్మాణానికి పూనుకున్నారు.

కొనేవారు కరవైన చిత్రం

‘హంటర్‌వాలీ’కి హోమీ వాడియా దర్శకత్వం వహించారు. నిర్మాణానికి ఆరు నెలలు పట్టింది. ఖర్చు 80 వేల రూపాయల పైచిలుకు అయిందని చెబుతారు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. దుష్టమంత్రి కుట్రవల్ల రాజు బందీ కాగా, రాకుమారి మాధురి ముసుగు ధరించి ప్రజలపక్షాన పోరాడటం ఇందులోని కథ. చిత్రం పూర్తయ్యాక అసలు చిక్కు ఎదురైంది. పురుషులను చితకబాదే కథానాయికను, అందునా తెల్లజాతి యువతిని, జనం చూస్తారా అని పంపిణీదారులు వెనుకాడారు. ఒక్కరూ ముందుకు రాలేదు. చివరకు వాడియా సోదరులు, వారి భాగస్వాములు సొంత బాధ్యతపై చిత్రాన్ని విడుదల చేయవలసి వచ్చింది.

ఫలితం వ్యాపార వర్గాల అంచనాలను తలకిందులు చేసింది. చిత్రం 25 వారాలకు పైగా ఆడింది. బొంబాయి బజారుల్లో ‘హంటర్‌వాలీ’ పేరుతో కొరడాలు, బెల్టులు, అగ్గిపెట్టెలు అమ్ముడయ్యాయి. సినిమా తారల పేరు వాడుకొని సరుకులు విక్రయించడం నేడు ఒప్పందాలతో సాగే వ్యాపారం. ఆనాడు అటువంటి కట్టుబాట్లు లేకపోవడంతో ఎవరికి తోచిన వస్తువుపై వారు ఆమె పేరు వేసుకున్నారు. ఒక్క చిత్రంతో ఆమె ‘ఫియర్‌లెస్ నాదియా’ అయ్యారు. నిర్భయ అన్న ఆ బిరుదు జీవితాంతం ఆమె పేరుకు ముందు నిలిచింది.

పెద్దనగరాల మేధావి వర్గం స్టంట్ చిత్రాలను చిన్నచూపు చూసేది. సామాజిక చిత్రాలకు దక్కే గౌరవం వీటికి దక్కేది కాదు. అయితే మిల్లు కార్మికులు, చిన్న పట్టణాల చిరుద్యోగులు, పిల్లలు వీటికి మహారాజ పోషకులు. నేలతరగతి టికెట్ల అణాలతోనే వాడియా మూవీటోన్ నిలదొక్కుకుంది. ఆ ఆదాయానికి మూలం నాదియా శరీరశ్రమ.

రైలుపైన, సింహాల మధ్య

1936లో వచ్చిన ‘మిస్ ఫ్రాంటియర్ మెయిల్’ ఆమె ఖ్యాతిని మరింత పెంచింది. రైల్వేలను దెబ్బతీసి విమాన సర్వీసుకు లాభం చేకూర్చాలన్న కుట్రను ఛేదించే యువతి సవిత పాత్ర ఆమెది. హత్యానేరం మోపబడిన స్టేషన్ మాస్టరు ఆ యువతి తండ్రి. పరుగెత్తే రైలు పెట్టెలపై ఆమె దుండగులతో కలియబడిన ఘట్టం ఆనాటి ప్రేక్షకులకు ఒక అద్భుతం. ఆ తర్వాత ‘హరికేన్ హంసా’, ‘లుటారూ లలన’, ‘పంజాబ్ మెయిల్’, ‘డైమండ్ క్వీన్’, ‘బంబయివాలీ’, ‘జంగిల్ ప్రిన్సెస్’ వంటి చిత్రాలు వరుసగా వెలువడ్డాయి. దీపాల గుత్తులు పట్టుకొని ఊగడం, మేడలపై నుంచి దూకడం, నిండు మనిషిని రెండుచేతులా తలపైకెత్తి విసరడం, సింహాల నడుమ నటించడం ఆమెకు నిత్యకృత్యాలయ్యాయి.

ఈ సాహసాలు ఎటువంటి పరిస్థితుల్లో జరిగాయో గమనించాలి. నేటి చిత్రీకరణలో నటుడిని తాళ్లతోనో, సన్నని ఉక్కు తీగలతోనో కట్టి గాలిలో వేలాడదీస్తారు. ఆ తీగలను తర్వాత కంప్యూటర్ సాయంతో దృశ్యం నుంచి తొలగిస్తారు. 1930లలో ఆ వెసులుబాటు లేదు. కట్టిన తాడు కెమెరాకు చిక్కితే దృశ్యం పాడయినట్లే. పోరాటాలను కెమెరా వేగం తగ్గించి చిత్రీకరించి, తెరపై వేగంగా కనిపించేలా చేసే చిట్కా వాడుకలో ఉండేది. దూకుడులోని వేగాన్ని కెమెరా పెంచగలిగింది తప్ప దూకవలసిన ఎత్తును తగ్గించలేకపోయింది. దెబ్బలు, బెణుకులు ఆ వృత్తిలో భాగంగానే సాగిపోయాయి. ఒక సాహసం చేయగలరా అని అడిగితే, ఏదైనా ఒకసారి ప్రయత్నించి చూస్తానన్నదే ఆమె సమాధానమని చెబుతారు.

ఆమె ఒంటరిగా ఈ ఘనత సాధించలేదు. కండబలానికి పేరుపొందిన జాన్ కావస్, సహనటుడు బొమన్ ష్రాఫ్ ఆమెతోపాటు అనేక చిత్రాల్లో కనిపించారు. ‘పంజాబ్ కా బేటా’ అనే గుర్రానికి, ‘గన్‌బోట్’ అనే కుక్కకు, ‘రోల్స్‌రాయిస్ కీ బేటీ’ అని ముద్దుపేరు పెట్టిన పాత మోటారుకారుకు కూడా ఆ చిత్రాల్లో తారాస్థాయి దక్కింది. టైటిళ్లలో, ప్రకటనల్లో ఆ మూగజీవాల పేర్లు సైతం కనిపించేవి. నేటి స్టంట్ కళాకారులకు ఇది వింతగా తోచవచ్చు.

పరాయి ముఖం, స్వదేశీ ఆవేశం

బ్రిటిష్ పాలనలో ఉన్న దేశంలో ఒక తెల్లజాతి యువతి అణచివేతపై తిరగబడే నాయికగా జననీరాజనాలు అందుకోవడం పైకి విడ్డూరంగా కనిపిస్తుంది. దీని వెనుక జంషెడ్ వాడియా రాజకీయ దృష్టి ఉంది. జాతీయోద్యమ అభిమాని అయిన ఆయన తర్వాతి కాలంలో ఎం.ఎన్.రాయ్ భావాలకు ఆకర్షితులయ్యారు. సెన్సారు కత్తెర బ్రిటిష్ ప్రభుత్వం చేతిలో ఉన్నందున స్వాతంత్య్రం గురించి నేరుగా చెప్పే వీలు లేదు. కల్పిత రాజ్యాలు, దుష్టమంత్రులు, బందీలైన రాజుల కథల చాటున ఆ మాట చెప్పవలసి వచ్చింది. ప్రేక్షకులు దానిని సులభంగానే గ్రహించారు.

స్త్రీల విషయంలో ఈ చిత్రాలు మరింత సూటిగా మాట్లాడాయి. 1940 నాటి ‘డైమండ్ క్వీన్’లో నాదియా పాత్ర స్త్రీ విద్య, స్వేచ్ఛల గురించి బహిరంగంగా వాదిస్తుంది. కథానాయిక అంటే కన్నీరు పెట్టుకునే ఇల్లాలు అన్న భావన బలంగా ఉన్న కాలంలో, తన్నులు తినకుండా తన్నే స్త్రీని చూసి సామాన్య ప్రేక్షకులు ఈలలు వేశారు. నాటకకర్త గిరీష్ కర్నాడ్ తన బాల్య స్మృతుల్లో నాదియా కేకకు ఎంతటి స్థానం ఉందో 1980లో ఒక వ్యాసంలో వివరించారు. ‘ఆనంద భైరవి’ ద్వారా తెలుగువారికి సుపరిచితులైన కర్నాడ్ వంటి రచయిత పసితనంలో ఆమెకు వీరాభిమాని కావడం గమనార్హం.

తెలుగుతెరపై అటువంటి నాయికకు జాతీయస్థాయి గౌరవం దక్కడానికి చాలాకాలం పట్టింది. 1990లో విడుదలైన ‘కర్తవ్యం’లో పోలీసు అధికారిణిగా పోరాటాలు చేసిన విజయశాంతికి ఉత్తమనటిగా జాతీయ అవార్డు లభించింది. నాదియా నటించిన స్టంట్ చిత్రాలకు ఆమె రోజుల్లో అటువంటి మన్నన ఊహకు కూడా అందనిది.

అన్నదమ్ముల దారులు వేరయ్యాక

1940ల ఆరంభంలో వాడియా సోదరుల దారులు వేరయ్యాయి. జంషెడ్ దృష్టి సామాజిక ప్రయోజనం గల చిత్రాల వైపు మళ్లింది. స్టంట్ చిత్రాలపైనే నమ్మకం ఉన్న హోమీ 1942లో బసంత్ పిక్చర్స్ స్థాపించారు. నాదియాతో 1943లో తీసిన ‘హంటర్‌వాలీ కీ బేటీ’ ఆ సంస్థకు శుభారంభం పలికింది. వాడియా మూవీటోన్ స్టూడియో ఆవరణ వి.శాంతారామ్ చేతికి వచ్చి రాజ్‌కమల్ కళామందిర్‌గా మారింది.

స్వాతంత్య్రం తర్వాత ప్రేక్షకుల అభిరుచులు మారాయి. సంగీతభరిత సామాజిక చిత్రాలు, పౌరాణికాలు ముందుకు వచ్చాయి. హోమీ వాడియా కూడా 1951లో మీనాకుమారితో ‘హనుమాన్ పాతాళ విజయ్’ వంటి పౌరాణికాలు తీసి సంస్థను నిలబెట్టారు. నాదియా మాత్రం తన బాణీ విడువలేదు. 1948లో ‘ఎలెవన్ ఓ క్లాక్’, 1955లో ‘కార్నివాల్ క్వీన్’ వంటి చిత్రాల్లో నటించారు. 1968లో విడుదలైన ‘ఖిలాడీ’లో, అరవై ఏళ్ల వయసులో, చివరిసారిగా తెరపై సాహసాలు చేశారు.

తెరపై ఎవరికీ తలవంచని ఆమె సొంత జీవితంలో సుదీర్ఘకాలం నిరీక్షించవలసి వచ్చింది. హోమీతో ఆమె అనుబంధం 1930లలోనే మొదలైనా, పరమతస్థురాలిని కోడలిగా అంగీకరించడానికి ఆయన తల్లి సమ్మతించలేదు. ఆ తల్లి మరణానంతరం 1961లో వారి వివాహం జరిగింది. అప్పటికి నాదియా వయసు 53 సంవత్సరాలు.

1993లో ఆ కుటుంబానికే చెందిన యువ దర్శకుడు రియాద్ విన్సీ వాడియా ఆమెపై ‘ఫియర్‌లెస్: ది హంటర్‌వాలీ స్టోరీ’ అనే డాక్యుమెంటరీ నిర్మించారు. దేశం దాదాపు మరచిపోయిన నాదియాను కొత్తతరం తిరిగి గుర్తించింది. ఆ ఆనందం ఎంతోకాలం నిలవలేదు. 88వ పుట్టినరోజు జరిగిన మరునాడే, 1996 జనవరి 9న, ఆమె ముంబయిలో కన్నుమూశారు. జర్మన్ రచయిత్రి డొరోతీ వెన్నర్ 1999లో ఆమె జీవితచరిత్రను ప్రచురించారు. 2017లో విడుదలైన హిందీచిత్రం ‘రంగూన్’లో కంగనా రనౌత్ పోషించిన పాత్రకు నాదియాయే ప్రేరణ అన్న అభిప్రాయం వ్యక్తం కాగా, హక్కుల విషయమై వాడియా మూవీటోన్ బొంబాయి హైకోర్టును ఆశ్రయించింది. ఒకప్పుడు అగ్గిపెట్టెలపై ఎవరికి తోచినట్లు వారు వేసుకున్న పేరుకు ఎనభై ఏళ్ల తర్వాత అంతటి విలువ ఏర్పడింది.

ముఖం ఒకరిది, దెబ్బ మరొకరిది

నాదియాకు దక్కిన ఈ గుర్తింపు ఆమె తర్వాత ప్రమాదాలకు ఎదురొడ్డిన స్త్రీలకు దక్కలేదు. అగ్రతారల పారితోషికాలు పెరిగిన కొద్దీ, వారికి గాయమైతే చిత్రీకరణ ఆగి కలిగే నష్టం కూడా పెరిగింది. దానితో ప్రమాదకర దృశ్యాలను రోజుకూలిపై వచ్చే ఫైటర్లకు అప్పగించడం ఆనవాయితీ అయింది. కథానాయికలకు డూప్‌గా తరచు పురుషులే చీరకట్టి, విగ్గు పెట్టుకొని దూకేవారు. ఆ పనిలోకి అడుగుపెట్టిన మహిళల్లో రేష్మా పఠాన్ ముఖ్యులు. ముంబయి స్టంట్ కళాకారుల సంఘంలో తొలి మహిళా సభ్యురాలిగా ఆమెను పేర్కొంటారు.

1975లో విడుదలైన ‘షోలే’లో బసంతి టాంగా తోలుతూ దోపిడీదొంగల నుంచి తప్పించుకునే ఘట్టం భారతీయ ప్రేక్షకులకు కంఠోపాఠం. బెంగళూరు సమీపంలోని రామనగరం రాతికొండల మధ్య చిత్రీకరించిన ఆ దృశ్యాల్లో హేమమాలినికి డూప్‌గా సాహసం చేసినది రేష్మా పఠానే. టాంగా బోల్తాపడే సందర్భంలో ఆమె గాయపడ్డారు. ధన్నో గుర్రం పేరు దేశమంతటికీ తెలిసింది. టాంగాపై ఉన్న మనిషి పేరు మాత్రం నాలుగు దశాబ్దాలు గడిచాక, 2019లో ఆమె జీవితం ఆధారంగా ‘ది షోలే గర్ల్’ అనే చిత్రం వచ్చాకనే చాలామందికి తెలిసింది.

తారలకు గాయమైతే దేశం ఎలా చలిస్తుందో 1982లో రుజువైంది. ‘కూలీ’ చిత్రీకరణలో భాగంగా బెంగళూరులో పోరాట దృశ్యం తీస్తుండగా అమితాబ్ బచ్చన్ తీవ్రంగా గాయపడ్డారు. గుళ్లలో, మసీదుల్లో, చర్చిల్లో ప్రార్థనలు జరిగాయి. అంతకు రెండేళ్లు ముందు, 1980 నవంబర్ 16న, మలయాళ నటుడు జయన్ డూప్‌ను వద్దని తానే హెలికాప్టర్‌కు వేలాడి, మద్రాసు సమీపంలోని షోళవరంలో ప్రాణాలు కోల్పోయారు. తానే చేయాలన్న పట్టుదల ఎంత ప్రమాదకరమో కూడా ఆ విషాదం తెలియజెప్పింది. నాదియా మార్గమే ప్రతి తారకూ ఆదర్శం కావాలని ఎవరూ వాదించలేరు. శిక్షణ పొందినవారు ఆ పని చేయడమే క్షేమం. అయితే ఆ శిక్షణకు, ఆ తెగువకు తగిన రక్షణ, ప్రతిఫలం ఉన్నాయా అన్నదే ప్రశ్న.

చట్టం ఉన్నా తీరని వెత

సినీ కార్మికుల కోసం పార్లమెంటు 1981లో ప్రత్యేక చట్టం చేసింది. రాతపూర్వక ఒప్పందం లేకుండా కార్మికులను పనిలోకి తీసుకోరాదని అది నిర్దేశించింది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఆ చట్టాన్ని విలీనం చేశారు. కాగితంపై ఇన్ని ఏర్పాట్లు ఉన్నా, ఫైటర్ బతుకు రోజుకూలి బతుకే. పని ఉన్న రోజున కూలి, గాయపడి మంచానపడితే ఆ కూలి కూడా ఉండదు. ఒక ఎముక విరిగితే కొన్ని నెలల సంపాదన పోతుంది. మోకాలు దెబ్బతింటే వృత్తే ముగుస్తుంది. సాధారణ జీవితబీమా సంస్థలు ఇంతటి ప్రమాదం ఉన్న వృత్తివారికి పాలసీ ఇవ్వడానికి సహజంగానే వెనుకాడతాయి.

ప్రమాదాలు గతకాలపు ముచ్చట కాలేదు. 2016 నవంబర్ 7న బెంగళూరు సమీపంలోని తిప్పగొండనహళ్లి జలాశయంలో ‘మాస్తిగుడి’ అనే కన్నడచిత్రం కోసం హెలికాప్టర్ నుంచి నీటిలోకి దూకిన ఇద్దరు నటులు మునిగిపోయారు. 2025 జూలై 13న తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో కారు పల్టీకొట్టే దృశ్యం చిత్రీకరిస్తుండగా అనుభవజ్ఞుడైన ఒక స్టంట్ కళాకారుడు మరణించారు. ఆ దుర్ఘటన తర్వాత, స్టంట్ నేపథ్యంతోనే వెండితెరకు పరిచయమైన నటుడు అక్షయ్‌కుమార్ దేశవ్యాప్తంగా సుమారు 650 మంది స్టంట్ కళాకారులకు బీమా ఏర్పాటు చేయించినట్లు వార్తలు వచ్చాయి. ఒక నటుడి ఉదారత అభినందనీయమే. వేల కోట్ల రూపాయల టర్నోవరు గల పరిశ్రమలో ప్రాణరక్షణ ఒక వ్యక్తి దాతృత్వంపై ఆధారపడటం మాత్రం ఆలోచించవలసిన విషయం.

గుర్తింపు విషయంలో ఇటీవలి కాలంలో కొంత కదలిక కనిపిస్తున్నది. జాతీయ చలనచిత్ర అవార్డుల్లో పోరాట దర్శకత్వానికి 2016 సంవత్సరపు చిత్రాలతో ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఆ తొలి గౌరవం ‘పులిమురుగన్’కు లభించింది. అమెరికాలోని ఆస్కార్ అకాడమీ కూడా స్టంట్ రూపకల్పనకు ప్రత్యేక అవార్డు ఇవ్వాలని 2025 ఏప్రిల్‌లో నిర్ణయించింది. 2027లో విడుదలయ్యే చిత్రాల నుంచి ఇది వర్తిస్తుంది. ఆ ప్రకటనతో అకాడమీ విడుదల చేసిన చిత్రాల్లో ‘ఆర్ఆర్ఆర్’ దృశ్యం చోటు చేసుకోవడం తెలుగువారికి గర్వకారణం. ఈ అవార్డులు పోరాటాలను రూపొందించేవారికి ఉద్దేశించినవి. వారి ఆదేశంపై మేడపై నుంచి దూకే మనిషి వరకు ఈ గౌరవం చేరవలసి ఉంది.

2018 జనవరి 8న నాదియా 110వ జయంతి సందర్భంగా గూగుల్ సంస్థ తన ముఖపుటపై ఆమె చిత్రాన్ని ప్రదర్శించింది. పెర్త్‌లో పుట్టి, పెషావర్‌లో స్వారీ నేర్చి, పరేల్ స్టూడియోలో చరిత్ర సృష్టించిన ఆ మహిళ పేరు కాలానికి నిలిచింది. 1935లో నాలుగణాలు పెట్టి టికెట్టు కొన్న మిల్లు కార్మికుడికి తెరపై దూకుతున్నది ఎవరో స్పష్టంగా తెలుసు. బయటకు రాగానే ఆమె పేరు చెప్పుకొని కేక పెట్టగలిగాడు. నేటి ప్రేక్షకుడికి ఆ పేరు తెలియాలంటే చిత్రం ముగిసి, దీపాలు వెలిగి, జనం లేచి వెళ్లిపోతున్నప్పుడు సన్నని అక్షరాల్లో పైకి జరిగిపోయే జాబితాలో వెతుక్కోవాలి. అక్కడైనా ఆ పేరు ఉంటే.